ఎఫ్-150కి ఎగ్జాస్ట్ రెండుసార్లు మార్చా, ఐదేళ్ళు వాడాక చెప్తున్నా

బండి 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, ఎక్స్ఎల్‌టీ మోడల్, సూపర్‌క్రూ (నాలుగు తలుపులది), ఇంజన్ 5.0 లీటర్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సాఫ్ట్‌వేర్ వాడికి పికప్ ట్రక్ ఎందుకురా అని అడిగినోళ్ళే ఇల్లు మారేటప్పుడు సోఫా ఎక్కించడానికి ఫోన్ చేస్తారు, గోంగూర మళ్ళకి మట్టి కావాలన్నా మన బండే. సరే అది పక్కన పెడదాం. 395 హార్స్‌పవర్ వీ8 కొన్నానే గానీ స్టార్ట్ చేస్తే పక్కింటి కేమ్రీ కారుకీ దీనికీ పెద్ద తేడా తెలిసేది కాదు, అంత మెత్తటి సౌండ్. అక్కడ మొదలైంది నాకు దురద.

2019లో ఒక మఫ్లర్ షాపుకి వెళ్ళా (మఫ్లర్ అంటే మనూళ్ళో సైలెన్సరే). చిన్న సైజు చాంబర్డ్ మఫ్లర్ (లోపల గదుల్లా ఉండేది) 130 డాలర్లు, పాతది కోసి ఇది వెల్డింగ్ చెయ్యడానికి 120, మొత్తం 250లో పని అయిపోయింది. కోసిన పాతది తీసుకెళ్తావా అని అడిగాడు, ఎందుకులే అని అక్కడే వదిలేశా. అది మొదటి తప్పు. వారం రోజులు మాత్రం పండగే, ఆఫీసు పార్కింగ్ గరాజ్‌లో అవసరం లేకపోయినా అద్దాలు దించుకుని రెండు రౌండ్లు తిరిగేవాణ్ణి.

తర్వాత హ్యూస్టన్ ప్రయాణం పడింది, ఐ-45 హైవే మీద నాలుగు గంటలు, వెనక సీట్లో మా ఆవిడ, అత్తయ్య, ముందు నా పక్కన మామయ్యగారు. 70 మైళ్ళ స్పీడుకి రాగానే మొదలైంది డ్రోన్. ఎగిరే డ్రోన్ కాదు, చెవుల్లో గుయ్యిమని ఒకటే రొద. వీటికి పది గేర్లు, పదో గేర్లో 70 దగ్గర ఇంజన్ తిరిగేది ఇంచుమించు 1,650 ఆర్‌పీఎం. వీ8లో ఒక్కో చుట్టుకి నాలుగు సిలిండర్లు పేలతాయి, లెక్కేస్తే సెకనుకి 110 సార్లు. ఆ ఫ్రీక్వెన్సీ పైపు పొడవుకో క్యాబిన్ సైజుకో సరిపడిందంటే ఇంక బండి మొత్తం తంబూరా అయిపోతుంది, కప్ హోల్డర్లో పెట్టిన స్టీలు గ్లాసు కూడా సన్నగా మోగుతానే ఉంది. కోర్సికానా దాటాక మామయ్యగారు ఉండబట్టలేక, "మా తెనాలిలో ట్రాక్టర్ కూడా ఇంతలా గుయ్యిమనదు బాబూ, ఒకసారి మెకానిక్‌కి చూపించు" అన్నారు. డబ్బిచ్చి పెట్టించుకున్నానని చెప్పలేక నవ్వేసి ఊరుకున్నా. మీటింగ్ కాల్స్‌లో అయితే ఎవరింట్లోనో లాన్ మోవర్ నడుస్తోంది మ్యూట్ చేసుకోండి అనేవాళ్ళు, అది నేనే.

స్టార్ట్ చేసినప్పటి సౌండ్ వీడియోల్లో విని కొంటాం మనం, కానీ రోజూ బతకాల్సింది హైవే సౌండ్‌తో, అది ఏ వీడియోలోనూ సరిగ్గా వినపడదు, ఫోన్ మైకుకి ఆ లో-ఫ్రీక్వెన్సీ సరిగ్గా అందదు కూడా. అందుకే రెండోసారి ఒకతని బండిలో కూర్చుని హైవే మీద తిరిగొచ్చాకే డబ్బు తీశా.

మధ్యలో జే-పైప్ అని ఒకటి వెల్డ్ చేయించుకుందామా అనుకున్నా. ఒక చివర మూసేసిన పైపుని మెయిన్ పైపుకి అతికిస్తారు, దాని పొడవు ఆ రొద వేవ్‌లెంగ్త్‌లో నాలుగో వంతు ఉంటే లోపలికెళ్ళి తిరిగొచ్చిన శబ్దం ఆ రొదనే చంపేస్తుంది. పని చేస్తుంది గానీ మూడడుగుల పైపు పట్టేంత చోటు కింద చూసుకోవాలి. నాకు ఓపిక లేక క్యాట్-బ్యాక్ కిట్‌కే పోయా, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించేది, 'క్యాట్' అంటే ఇదే) తర్వాత నుంచి వెనక టిప్ దాకా మొత్తం కొత్తదే.

2020లో నేను చూసినప్పుడు అల్యూమినైజ్డ్ స్టీలు (అల్యూమినియం పూత ఉన్నది) కిట్లు 500, 600 డాలర్ల దగ్గర ఉండేవి, 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి 800 అటూ ఇటూ, 304 రకం అయితే 1,200 పైనే. 409 పైపైన గోధుమ రంగు తుప్పు పడుతుంది, అంత తొందరగా చిల్లు పడదు. 304 అలాగే మెరుస్తుంటుంది. నిజం చెప్పాలంటే మా టెక్సస్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లేది ఎప్పుడో గానీ లేదు కాబట్టి 409 చాలు, డెట్రాయిట్ షికాగో వాళ్ళయితే మాత్రం 304 తీసుకోండి, అల్యూమినైజ్డ్‌కి వెల్డింగ్ దగ్గర కోటింగ్ పోయి అక్కడి నుంచే తినేస్తుంది.

నేను తీసుకున్నది బోర్లా అనే కంపెనీ ఎస్-టైప్. వాళ్ళ దగ్గర టూరింగ్ మెత్తనిది, ఎటాక్ బాగా గట్టిది, ఇది మధ్యది. టాక్స్‌తో 1,340 అయింది. బిగించడానికి షాపు 200 అడిగితే ఫ్రెండూ నేనూ డ్రైవ్‌వేలో పడుకుని నాలుగు గంటల్లో చేసుకున్నాం. కష్టమైంది ఒకటే, పైపుని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు ఊడి రావు, గిన్నెల సబ్బు నీళ్ళు రాసి తిప్పితే సులువుగా జారాయి. క్లాంపులు మొదట వదులుగా పెట్టి, టిప్ సరిగ్గా కూర్చున్నాకే బిగించాలి, మేం ముందే బిగించి అన్నీ మళ్ళీ విప్పాం.

ఇప్పటికి 60,000 మైళ్ళు దాటాయి. 70లో మామూలుగా మాట్లాడుకోవచ్చు, కాలు నొక్కితేనే గొంతు లేస్తుంది. పవర్ పెరిగిందా అంటే నా ఒంటికి తెలిసినంత ఏమీ లేదు, మైలేజ్ అంతే. పవర్ కోసం అయితే ఈ డబ్బు దండగ. ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అక్కర్లేదు, చెక్ ఇంజన్ లైట్ ఒక్కసారీ రాలేదు. పొద్దున చలిలో స్టార్ట్ చేస్తే మాత్రం మొదటి నిమిషం గట్టిగానే ఉంటుంది, ఆరింటికి బయల్దేరాలంటే రాత్రే బండి వీధి వైపు తిప్పి పెడతా. ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో వీ6 ఇంజన్) ఉన్న ఫ్రెండ్ నాది విని అదే కావాలన్నాడు, టర్బోలు సౌండ్‌ని మింగేస్తాయి, వీ6కి ఏం తగిలించినా వీ8 అవదు అని చెప్పా, వినలేదు, పెట్టించుకుని ఇప్పుడు నా ఫోన్ ఎత్తట్లేదు.

క్యాట్ పీకించేద్దాం అనేవాళ్ళకి, అది ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ మా కాలిన్ కౌంటీలో ఎమిషన్ టెస్ట్ ఇంకా ఉంది, ప్రతి ఏడూ పాసవుతోంది. వారంటీ మొత్తం పోతుందని సర్వీస్ కౌంటర్లో ఒకాయన భయపెట్టాడు, కానీ 1975 మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం ఈ పార్ట్ వల్లే చెడిందని కంపెనీ వాళ్ళు చూపించాలి.

నాకు మొత్తం పడింది 1,590. పాత మఫ్లర్ ఆ షాపులోనే వదిలేశా కాబట్టి బండి అమ్మేటప్పుడు ఒరిజినల్ కావాలని ఎవరైనా అడిగితే నా దగ్గర లేదు, మీరు మాత్రం గరాజ్‌లో గోడకి వేలాడదీసైనా దాచుకోండి.