2,500 కట్టాను, 2 స్టార్లిస్తున్నాను, ఆ రెండూ సార్‌కి కాదు

శ్రీకాకుళం టౌన్లో ఇంటర్ పిల్లలకి కెరీర్ కౌన్సెలింగ్ ఇస్తామని బోర్డు పెట్టిన ఒక సెంటర్ గురించి ఇది. పేరు రాయను, గొడవలు నాకెందుకు. మాది టెక్కలి వైపు, నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాయనంటోంది, పక్షుల్నీ జంతువుల్నీ కాపాడే చదువు చదువుతానంటోంది, కన్జర్వేషన్ బయాలజీ అనే పేరు కూడా తనే నాకు చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది, అడుగుదామంటే మా వాళ్లలో ఆ చదువు చదివినవాళ్లు ఒక్కరూ లేరు, అందుకని 2,500 కట్టి పాపతో బస్సెక్కాను.

ముందు కంప్యూటర్ మీద 120 ప్రశ్నలు. తర్వాత 22 పేజీల రంగుల రిపోర్టు. తేలిందేమిటయ్యా అంటే మా పాపకి సైన్స్ మీద ఆసక్తి ఉందట! బైపీసీ పిల్ల గురించి ఆ మాట మా వీధిలో పాలవాడైనా చెప్తాడు.

లోపల సార్ మొదటి మాటే "జూలో ఉద్యోగమా అమ్మా?" ఆ తర్వాత నావైపు తిరిగి, "ఆడపిల్లని అడవుల్లంట తిప్పడం ఎందుకు మాస్టారూ, అగ్రికల్చర్ బీఎస్సీ చేయించండి, సీటు రాకపోతే నర్సింగ్ ఉండనే ఉంది" అన్నారు. పాప వినకపోయేసరికి సొరుగులోంచి ఎవరిదో విజిటింగ్ కార్డు తీశారు. ఇదే కోర్సు విదేశాల్లో ఉందట, 30 లక్షలవుతుందట, లోన్ కూడా వాళ్లే చూస్తారట. "తేలినీలాపురం తెలుసా సార్?" అని పాప అడిగితే "అదే కాలేజీ?" అన్నారు. టెక్కలి పక్కనున్న ఊరండీ అది! ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి, ఊళ్లోవాళ్లు పురిటికొచ్చిన ఆడపడుచుల్లాగ చూసుకుంటారు. 2018లో తిత్లీ తుపానుకి అక్కడ చెట్లు కూలాయి, ఇక పక్షులు గూళ్లెక్కడ కట్టుకుంటాయి నాన్నా అని మా పాప అప్పుడడిగిన ప్రశ్నే ఇంతదూరం తెచ్చింది.

బయటికొచ్చి రిపోర్టు కవర్లో పెట్టుకుంటుంటే రిసెప్షన్లో కూర్చున్న అమ్మాయి మెల్లగా పిలిచింది. తను ఎమ్మెస్సీ జువాలజీ చేసిందట, ఉద్యోగం దొరికేదాకా ఇక్కడ. నేను తేలినీలాపురం వచ్చే మా సైబీరియా పక్షుల సంగతి ఎత్తగానే నవ్వేసి, "అవి సైబీరియావి కావు అంకుల్, మన దేశం, శ్రీలంక, ఈ చుట్టుపక్కల పక్షులే" అంది. యాభై ఏళ్లుగా తప్పు చెప్తున్నానన్నమాట!

ఆ అమ్మాయి నిలబడి చెప్పిన ఇరవై నిమిషాలకే నా డబ్బు చెల్లింది. డిగ్రీలో జువాలజీయో బోటనీయో చదివితే చాలు, అసలు ఆట పీజీలో. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, అక్కడ ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ సైన్స్. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్, దానికి ఏ డిగ్రీ ఉన్నా పర్లేదు, ఇంజినీర్లూ డాక్టర్లూ కూడా చేరతారట, కానీ చాలా కొద్ది సీట్లు, అదీ ఏడాది విడిచి ఏడాది. తమిళనాడు మయిలాడుతురైలో ఏవీసీ కాలేజీ ఇంకొకటి.

నన్ను పడగొట్టింది మాత్రం వేరే సంగతి. ఈ చదువులో సగం స్టాటిస్టిక్సేనట. పులి ఒంటి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండిటికీ ఒకేలా ఉండవు, అందుకని అడవిలో కెమెరాలు కట్టి, ఒకసారి పడ్డ పులి మళ్లీ ఎన్నిసార్లు పడిందో చూసి, అసలు కెమెరాకి చిక్కని పులులెన్నో లెక్క కడతారు. ఎంత అందమైన లెక్కండీ అది! లెక్కల మాస్టారి కూతురై ఉండి లెక్కలకి భయపడే బైపీసీలో చేరింది మా పాప. దాని మొహం చూడాలి అప్పుడు.

ఉద్యోగాల గురించి కూడా దాచకుండా చెప్పింది. నెట్ అనే జాతీయ పరీక్ష పాసై, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, ఇంటద్దె వేరు. అది రాకపోతే ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పని, జీతం తక్కువ, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. సర్కారు కొలువే కావాలంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుకి ఏపీపీఎస్సీ, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకి యూపీఎస్సీ, దీనికి 2013 నుంచి సివిల్స్ వాళ్లతో కలిపి ఒకటే ప్రిలిమ్స్. ఇవి కాక, పెద్ద పోర్టో గనో మొదలెట్టే ముందు అక్కడ ఏ ప్రాణులున్నాయో పర్యావరణ రిపోర్టులో రాయాలి, ఆ కన్సల్టెన్సీలకీ ఇలాంటివాళ్లు కావాలి. మూలపేట పోర్టు మన జిల్లాలోనే కడుతున్నారు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ మన ఇసుకలోనే, కాబట్టి పనికి కరువు లేదు, జీతానికే కరువు అని నాకు అర్థమైంది.

వెళ్లదలిస్తే 120 ప్రశ్నల ప్యాకేజీ వద్దనండి, సార్ దగ్గర టైము వేస్ట్ చేసుకోకండి, రిసెప్షన్లో ఆ అమ్మాయి ఇంకా ఉందేమో కనుక్కోండి. రశీదు అడిగితేనే ఇస్తారు. ఆ 22 పేజీల వెనకవైపు ఖాళీయే, పాప ఆదివారం తేలినీలాపురం వెళ్లి దాని మీదే గూళ్ల లెక్క రాసుకొచ్చింది, కూడిక ఒకచోట తప్పింది.