పాము మాత్రా, బల్లి సూదా?

చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల తెగవాళ్లు పాముల విషం తీయడం చూసొచ్చాక మామయ్యకు అనుమానం: "నా బీపీ మాత్రలో ఇదే ఉంటుందా?" అక్కడిది పాముకాటు విరుగుడుకి లెండి.

బీపీ మందు కాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్ జరరాకా పాము. దాని విషంలో బీపీ తగ్గించే పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అందుకే అదే పని చేసే చిన్న అణువును ల్యాబ్‌లో తయారుచేశారు. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొందరికి పొడి దగ్గు మాత్రం తప్పదు.

షుగర్ మందు ఎక్సెనటైడ్ (2005) గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలోని పెప్టైడ్‌కు కృత్రిమ నకలు. మన పేగుల్లో పుట్టి షుగర్ తగ్గించే జీఎల్‌పీ-1 హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతే, అదే పని చేసే ఇది గంటలపాటు నిలుస్తుంది. కానీ రోజుకు రెండు సూదులు! అత్తయ్య ఒప్పుకోదు.

తయారీలో చూపిన తెలివికి నా ఓటు పాము మాత్రకే.