ఒసాకాలో ఒక్క పూట: కురోమోనా, తెన్మానా, త్సురుహాషియా?

ఒసాకా వెళ్లే మనవాళ్లలో చాలామందికి రూటు ముందే ఖరారై ఉంటుంది. పొద్దున కోట, మధ్యాహ్నం కురోమోన్ మార్కెట్, చీకటి పడ్డాక దోతోన్‌బోరి కాలువ దగ్గర పరిగెత్తే మనిషి బోర్డు ముందు ఫొటో. కోట జోలికీ ఫొటో జోలికీ నేను పోను. నా పేచీ అల్లా మధ్యలో ఉన్న మార్కెట్‌తోనే. తినడానికీ, కొనుక్కోవడానికీ ఒక్క పూటే చేతిలో ఉంటే దాన్ని కురోమోన్‌కి ఇవ్వాలా, లేక పర్యాటకుల జాబితాల్లో ఎక్కడో కింద కనిపించే తెన్మాకో, త్సురుహాషికో ఇవ్వాలా?

నా ఓటు తెన్మాకి. మాంసం, కారం అంటే పడిచచ్చేవాళ్లయితే త్సురుహాషి. కురోమోన్‌కి వెళ్లాల్సినవాళ్లు కూడా ఉన్నారు, కానీ తక్కువ.

ముందు కురోమోన్ సంగతి తేల్చేద్దాం. నిప్పొన్‌బాషి స్టేషన్ పక్కనే, పైకప్పు వేసిన దాదాపు 580 మీటర్ల వీధి, 150 దాకా దుకాణాలు. హోటళ్ల వంటవాళ్లు చేపలు కొనుక్కెళ్లే బజారుగా పేరు పడింది, ‘ఒసాకా వంటిల్లు’ అని బిరుదు కూడా ఉంది. ఇప్పుడు పదకొండింటికి వెళ్తే వంటవాళ్ల కన్నా సూట్‌కేసులు లాక్కెళ్లే జనమే ఎక్కువ కనిపిస్తారు. కాల్చిన పీతకాళ్లు, స్కాలప్ అనే గుల్లచేపలు, పుల్లకు గుచ్చిన వాగ్యూ (జపాన్ గొడ్డు మాంసం), అన్నీ కళ్ల ముందే చేసిస్తారు. రుచికి వంక పెట్టలేం. ధరలు మాత్రం మళ్లీ రాని గిరాకీని చూసి పెట్టినట్టుంటాయి. మంచి వాగ్యూ పుల్ల ఒక్కటే కొన్ని వేల యెన్లు లాగేస్తుంది. ఆ డబ్బుతో తెన్మాలో ఇద్దరు కడుపునిండా తిని లేవచ్చు. పచ్చి చేప, పీత తప్ప ఇంకేమీ వద్దనేవాళ్లకీ, హోటల్ నంబాలోనే ఉండి ఎక్కడికీ కదిలే ఓపిక లేనివాళ్లకీ కురోమోన్ చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఆ పక్కకి వెళ్లడం దండగ కాదు. కురోమోన్‌కీ నంబా స్టేషన్‌కీ మధ్య దోగుయాసుజి అని చిన్న వీధి ఉంది. హోటళ్లకి వంటసామాను అమ్మే వీధి అది. కత్తులు, సూప్ గిన్నెలు, దుకాణం గుమ్మాలకు కట్టే తెరలు, అద్దాల బీరువాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి నమూనాలు దొరుకుతాయి. తాకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టిన పిండి ఉండలు) పోసుకునే ఇనుప పెనం అచ్చం మన గుంతపొంగణాల పెనమే, గుంతలు కొంచెం గుండ్రంగా, దగ్గరదగ్గరగా ఉంటాయంతే. ఇంటికి తెచ్చుకుంటే పొంగణాలు బ్రహ్మాండంగా వస్తాయి. కరెంటు పెనం జోలికి మాత్రం పోకండి. జపాన్‌లో 100 వోల్టులు, మనకి 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టారో, మొదటి వాయికే మాడిపోతుంది.

ఇక తెన్మా. ఒసాకా స్టేషన్‌లో జేఆర్ లూప్ లైన్ (నగరం చుట్టూ తిరిగే రైలు) ఎక్కితే ఒక్క స్టేషన్, ఎక్కి కూర్చునేలోపే దిగాలి. మెట్లు దిగి రెండడుగులు వేస్తే తెంజిన్‌బాషిసుజి షోతెన్‌గైలో ఉంటారు. దాదాపు 2.6 కిలోమీటర్లు, 600 దాకా దుకాణాలు. జపాన్‌లో ఇంతకన్నా పొడవైన షాపింగ్ వీధి లేదని చెబుతారు. దక్షిణాన ఒకటో చోమే (చోమే అంటే పేటలో ఒక భాగం) నుంచి ఉత్తరాన ఏడో చోమే దాకా సాగుతుంది. వానొచ్చినా ఎండకాసినా దాదాపు అంతటా నెత్తిన కప్పు ఉంటుంది. జూలైలో ఒసాకా ఉక్క చూసినవాళ్లకి అది ఎంత పెద్ద సుఖమో చెప్పక్కర్లేదు.

నేనైతే దక్షిణం కొసకి దగ్గరలో ఉన్న మినమిమోరిమాచి స్టేషన్‌లో దిగి, ముందు కాస్త దక్షిణంగా ఉన్న తెన్మాంగూ గుడి చూసి, ఆ తర్వాత ఉత్తరానికి నడవమంటాను. 949లో వెలసిందని చెప్పే ఈ గుడిలో దేవుడు సుగవర నో మిచిజానే, బతికున్నప్పుడు పండితుడు, ఆస్థాన ఉద్యోగి. ఇప్పుడు పరీక్షలకు వెళ్లే పిల్లలందరికీ ఆయనే దిక్కు. చెక్క పలకల మీద కాలేజీల పేర్లు రాసి కట్టిన మొక్కులు చూస్తే ఎంసెట్ రోజులు గుర్తు రాని తెలుగువాడు ఉండడు. జూలై 24, 25 తేదీల్లో జరిగే తెంజిన్ మత్సురి ఈ గుడిదే. రెండో రోజు సాయంత్రం నది మీద పడవల ఊరేగింపు, బాణసంచా. ఆ రెండు రోజులూ ఈ వీధిలో షాపింగ్ ఆశ పెట్టుకోకండి, జనం తోసుకుపోతారు.

ఈ వీధి పర్యాటకుల కోసం పుట్టింది కాదు. తెన్మాలో 1653 నుంచి నగరానికంతటికీ కూరగాయలు అమ్మే పెద్ద బజారు ఉండేది. 1931లో నగరపాలిక టోకు మార్కెట్ వచ్చాక అది అటు వెళ్లిపోయింది, తిండి యావ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అందుకే ఇప్పటికీ ఈ దుకాణాల్లో ఎదురయ్యేది చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. సైకిల్ బుట్టలో ఉల్లికాడలు పెట్టుకుని తోసుకెళ్లే బామ్మలు, కళ్లజోళ్ల షాపు, మందుల షాపు, పాత పుస్తకాల కొట్టు, కిమోనో ముక్కల కొట్టు, వంద యెన్ల షాపు.

రెండు మూడు చోట్ల మాత్రం తప్పక ఆగాలి. ఒకటి, కొరొక్కె వేయించే మాంసం కొట్టు. బంగాళాదుంప ముద్దలో కాస్త కైమా కలిపి, పైన బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేస్తారు. ఇంత చిన్న కాగితం సంచీలో పెట్టి చేతికిస్తారు, పట్టుకుంటే వేళ్లు కాలతాయి. నడుస్తూ తినకండి. కొట్టు ముందే పక్కకి నిలబడి తిని, కాగితం అక్కడి బుట్టలోనే వెయ్యండి. రోడ్డు మీద చెత్తబుట్టలు ఉండవు మరి. రెండు, గుమ్మంలోనే యంత్రం పెట్టి హోజిచా ఆకు వేయించే టీ కొట్లు. ఆ కమ్మటి వాసన చాలా దూరం నుంచే తగులుతుంది. వంద గ్రాముల పొట్లం తెచ్చుకుంటే సూట్‌కేసులో బరువూ ఉండదు, పగిలేదీ కాదు. మూడు, కొంబు అమ్మే కొట్లు. ఈ ఎండు సముద్రపు నాచు హొక్కాయిదో నుంచి ఓడల్లో ఒసాకాకి దిగేది, ఇక్కడివాళ్లు దాన్ని రకరకాలుగా కోసి, చెక్కి, సోయా సాస్‌లో ఉడికించి అమ్మేవాళ్లు. ఉప్పు కొంబు చారెడు వేడన్నంలో కలుపుకుంటే ఇంకే కూరా అక్కర్లేదు.

సాయంత్రం నాలుగు దాటాక తెన్మా స్టేషన్ వెనక సందుల్లోకి వెళ్లాలి. అసలు తెన్మా అదే. మనిషి భుజం మనిషికి తగిలేంత ఇరుకు గల్లీలు, ఎర్ర లాంతర్లు, కుర్చీలు లేని తచినోమి కొట్లు. నిలబడే తాగుతారు, నిలబడే తింటారు, గంటలో ఇంకో కొట్టుకి మారతారు. గోడ నిండా చేత్తో రాసిన కాగితం పట్టీలు, ఇంగ్లిష్ మెనూ దొరకడం మీ అదృష్టం. ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చేసుకోవచ్చు, లేదా పక్కవాడి ప్లేటు వైపు వేలు చూపించొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పొగ పడనివాళ్లు లోపలికి తొంగిచూసి వెళ్లండి, బుల్లి కొట్లలో కొన్నిటిలో ఇంకా సిగరెట్లు తాగనిస్తారు. కూర్చునే కొట్లలో అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెట్టి బిల్లులో 300, 400 యెన్లు కలుపుతారు. అది మోసం కాదు, అక్కడి ఆనవాయితీ. బీఫ్ తిననివాళ్లు దోతేయాకి అన్న మాట కనిపిస్తే జాగ్రత్త, అది మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉడికించిన ఆవు స్నాయువుల కూర.

త్సురుహాషి ఇంకో లోకం. అదే లూప్ లైన్ మీద తెన్మా నుంచి ఆరో స్టేషన్, పావుగంట కూడా పట్టదు. ప్లాట్‌ఫారం మీద దిగగానే బొగ్గుల మీద కాలే మాంసం వాసన ముక్కుకి తగులుతుంది. జపాన్ పర్యావరణ శాఖ 2001లో దేశంలో కాపాడుకోవాల్సిన వంద వాసనల జాబితా వేస్తే, పూలతోటలూ అడవుల మధ్య త్సురుహాషి స్టేషన్ పరిసరాల వాసన కూడా అందులోకెక్కింది. ప్రభుత్వం కూడా కాదనలేకపోయిందన్నమాట.

ఇది కొరియా మూలాలవాళ్ల పేట. 1923లో కొరియాలోని జేజు దీవి నుంచి ఒసాకాకి నేరుగా ఓడలు మొదలయ్యాక ఫ్యాక్టరీ పనులకి వేలమంది వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఈ ప్రాంతానికి అప్పట్లో ఇకాయినో అని పేరు. 1973లో చిరునామాల్లోంచి ఆ పేరు తీసేశారు, పాతవాళ్ల నోళ్లలో మాత్రం ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో రైలు పట్టాల కింద మొదలైన నల్లబజారే ఇప్పటి మార్కెట్. అందుకే దానికి తలాతోకా ఉండదు. ఒక సందులో చేపలు, ఇంకో సందులో పెళ్లి కొరియన్ బట్టలు, రంగురంగుల పట్టు, మరో సందు నిండా కిమ్చీ (కొరియన్ల కారం ఊరగాయ) బేసిన్లు. దారి తప్పడం ఖాయం, తప్పినా నష్టం లేదు.

అక్కడి నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే మియుకి దోరి కొరియా టౌన్. అరకిలోమీటరు వీధి, స్టేషన్ దగ్గరి మార్కెట్ కన్నా నీటుగా, కుర్రకారుతో కిటకిటలాడుతూ ఉంటుంది. పాప్ స్టార్ల బొమ్మలు, క్రీములు, చీజ్ సాగే హాట్‌డాగ్‌లు. మీ ఇంట్లో టీనేజి అమ్మాయి ఉంటే ఈ వ్యాసంతో పని లేదు, ఎలాగూ ఇక్కడికే లాక్కొస్తుంది. నాకు ఆ హడావిడి కన్నా పట్టాల కింది చీకటి సందులే ఇష్టం. మిరప్పొడిని మెత్తనిది, బరకది వేరువేరుగా పోసి అమ్మే కొట్లు అక్కడున్నాయి. రంగు మన గుంటూరు కారంలాగే ఉంటుంది, ఘాటు మాత్రం అందులో సగం కూడా ఉండదు.

శాకాహారులకి మూడింటిలో ఏదీ స్వర్గం కాదు. చేప ముక్క కనిపించకపోయినా పులుసులో ఎండు బొనితో చేప కాచిన నీళ్లు ఉంటాయి, ఓకోనోమియాకి అనే క్యాబేజీ అట్టు పిండిలోనూ అదే. కిమ్చీలో సాధారణంగా ఉప్పు రొయ్యలో, చేప సాసో పడుతుంది, ఉత్త క్యాబేజీ కదా అని నోట్లో వేసుకోకండి. ఆ లెక్కన కూడా తెన్మాయే కాస్త నయం. కీరా ముక్క చుట్టిన సుషీ, ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఎర్ర బీన్స్ ముద్ద పెట్టిన మోచీ (బియ్యంతో చేసే మెత్తటి ఉండ), చలికాలంలో కాల్చిన చిలగడదుంప, పళ్లు, టీ. వీటితో ఒక పూట సాఫీగా గడిచిపోతుంది. త్సురుహాషిలో శాకాహారికి చూడ్డమే మిగులుతుంది.

కొనుగోళ్ల విషయం ఒకటి. కనీసం 5,000 యెన్ల కొనుగోలు మీద పర్యాటకులకు పన్ను మినహాయింపు ఉందని విని చిన్న కొట్లలో పాస్‌పోర్ట్ తీయకండి, ఆ ఏర్పాటు ఎక్కువగా పెద్ద షాపుల్లోనే ఉంటుంది. పాత కొట్లలో కార్డు కూడా నడవకపోవచ్చు, వెయ్యి యెన్ల నోట్లు దగ్గరుంచుకోండి. బేరం ఆడే అలవాటు ఈ మూడు చోట్లా లేదు. కిమ్చీ, మిసో లాంటివి విమానంలో చేతిసంచీలో ఒప్పుకోరు, చెక్-ఇన్ పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టాలి.

పూట కాకుండా రోజంతా దొరికితే కురోమోన్ వదిలేసి మిగతా రెండూ చూడండి. మధ్యాహ్నం త్సురుహాషిలో యాకినికు (నిప్పుల మీద కాల్చిన మాంసం) తిని, మూడింటికి లూప్ లైన్ ఎక్కి తెన్మా వచ్చి, వీధంతా నడిచి, దీపాలు పెట్టే వేళకి గల్లీల్లో దూరాలి. నడక ఉత్తరం కొసకి చేరాక, నాలుగున్నర లోపైతే, అక్కడి తెంజిన్‌బాషిసుజి రోకుచోమే స్టేషన్ పైన ఉన్న భవనం ఎనిమిదో అంతస్తులో ఒసాకా నివాస మ్యూజియం ఉంది. 1830ల నాటి ఊరి వీధిని ఇళ్లతో సహా లోపలే కట్టారు. అది మంగళవారం తెరవరు. బుధవారమైతే త్సురుహాషి మార్కెట్‌లో చాలా షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి ఆ రోజు నేరుగా తెన్మాకే వెళ్లిపోండి.