పొట్టి బండికి క్యాంపర్ కట్టి నాలుగేళ్లు

మొదటి ఏడాది ఈ బండి మీద పెట్టిన డబ్బులో సగం దండగ. నాది 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్, నిచ్చెనలాంటి ఉక్కు చట్రం (లాడర్ ఫ్రేమ్) ఉన్న చిన్న ఫోర్ బై ఫోర్. వెనక తగిలించి లాగే, పడుకోను, వండుకోను వీలున్న ట్రైలర్, అదే క్యాంపర్, కొన్న ఊపులో సస్పెన్షన్ రెండంగుళాలు లేపించి, పెద్ద మడ్ టైర్లు వేయించాను. చూడ్డానికి భలే ఉండేది. క్యాంపర్ తగిలించాక ఆ రెండూ నా మీదే తిరగబడ్డాయి. టైరు పెద్దదయ్యేసరికి ఇంజన్‌కి ప్రతి గేరూ భారమైంది, చిన్న ఎత్తుకి కూడా మూడో గేర్‌కి పడిపోయేది. బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం, అంటే హిచ్, పైకి లేవడంతో క్యాంపర్ ముక్కు ఆకాశం చూస్తూ, తోక గుంటల్లో రాసుకుంటూ వచ్చేది. చివరికి కంపెనీ సైజు ఆల్ టెరైన్ టైర్లకే వచ్చేశాను. హిచ్ మీది గుండు, అంటే టో బాల్‌ని కిందకి దించి బిగించాక, క్యాంపర్ ముందుకి చాచి ఉండే కడ్డీ (డ్రాబార్) నేలకి సమంగా నిలిచింది.

క్యాంపర్‌తో ఇప్పటికి సుమారు 38,000 కిలోమీటర్లు తిరిగాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే, ముందు కాటా వేయించమంటాను. నా బండి మాన్యువల్ ప్రకారం బ్రేకులున్న ట్రైలర్ 1,300 కిలోల దాకా లాగొచ్చు, బ్రేకులు లేకపోతే 350 మాత్రమే. క్యాంపర్ ఖాళీ బరువు 620 కదా, బోలెడంత మిగులుందని ధీమాగా ఉన్నాను. సామాన్లన్నీ సర్దుకుని కాటా ఎక్కిస్తే 860 చూపించింది! 60 లీటర్ల నీళ్లంటేనే 60 కిలోలు. బ్యాటరీ, గ్యాస్, పందిరి గుడ్డ, పనిముట్లు, ఎప్పుడూ వాడని కుర్చీలు, అన్నీ కలిస్తే అంత. పైగా హిచ్ మీద పడే 80 కిలోలు బండి మోయాల్సిన బరువులోకే వస్తాయి. ఇద్దరం మనుషులం, ఫ్రిజ్, రెండు జెర్రీ క్యాన్లు ఎక్కేసరికి వెనక యాక్సిల్ దాని హద్దు చేరిపోయింది. ఎంత లాగగలదో చూసుకున్నానే గానీ, ఎంత మోయగలదో చూసుకోలేదు.

ఆ 80 కిలోల లెక్క కూడా ఊరికే తెలియలేదు. ఒకసారి పొడుగాటి దిగువలో, 95 వేగంలో, ఒక లారీ మమ్మల్ని దాటిపోగానే క్యాంపర్ తోక జాడించడం మొదలెట్టింది. భయపడి బ్రేకు తొక్కాను. ఊపు ఇంకా పెరిగింది. కాలు తీసేసి స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాక మెల్లగా సర్దుకుంది. ట్రైలర్ బ్రేకుల్ని విడిగా వేసే మీట డాష్‌బోర్డు మీదే ఉంది, ఆ టెన్షన్‌లో గుర్తే రాలేదు. ఆగి చూస్తే కారణం సులువుగానే దొరికింది. యాక్సిల్‌కి ముందున్న నీళ్ల ట్యాంకు ఖాళీ అయింది, సైకిళ్లేమో వెనక చివర్న వేలాడుతున్నాయి. ఎడ్లబండికి బరువెత్తేవాళ్లు కాడి మీద ఎంత పడుతుందో చూసుకున్నట్టే ఇక్కడా చూసుకోవాలి. మొత్తం బరువులో పదో వంతు హిచ్ మీద ఉండేలా సర్దుతాను. టో బాల్ మీద కూర్చునే క్యాంపర్ ముక్కు (కప్లింగ్) కింద చెక్క ముక్క, దాని కింద బాత్రూమ్ స్కేలు పెట్టి తూస్తాను. ఆ స్కేలు ఇప్పుడు క్యాంపర్‌లోనే ఉంటుంది, మా బరువు చూసుకోవడం మానేశాం.

బాగా పనికొచ్చింది గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్. ఘాట్లలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ జారుతూ ఆయిల్‌ని మరగబెడుతుంది. కూలర్‌కి ముందు మీటర్ 120 డిగ్రీలు దాటేది, ఇప్పుడు వంద లోపే. క్యాంపర్ ఉన్నంతసేపూ ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేరు) ఆఫ్‌లోనే ఉంచుతాను, దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్‌కి రెండో గేర్.

కరెంటు సంగతి చిన్నదే. సన్న వైరుతో ఫ్రిజ్ నడపాలని చూస్తే క్యాంపర్ దాకా వచ్చేసరికి వోల్టేజి పడిపోయి అది ఆగిపోయేది. లావు కేబుల్, ఎక్కువ కరెంటుని తట్టుకునే ఆండర్సన్ ప్లగ్, క్యాంపర్ లోపల పడిపోయిన వోల్టేజిని సరిచేసి బ్యాటరీ నింపే డీసీ-డీసీ చార్జర్ పెట్టించాక ఆ గొడవ లేదు.

క్యాంపర్ చక్రం నడిమి భాగమైన హబ్‌లో, చక్రం తేలిగ్గా తిరగడానికుండే బేరింగ్ ఒకటి దారిలో పోయింది. తప్పు నాదే. గంటల తరబడి నడిపి, వేడిగా ఉన్న హబ్‌లని తిన్నగా వాగులోకి దించాను. వేడి మీదున్న హబ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీల్ సందుల్లోంచి నీళ్లని లాక్కుంటుంది. రెండ్రోజులకి చక్రం మూలగడం మొదలైంది. స్పేర్ బేరింగులు, సీళ్లు, గ్రీజు వెంట ఉన్నాయి కాబట్టి మూడు గంటల్లో రోడ్డు పక్కనే మార్చాను. ఇప్పుడు వాగు ముందు కాసేపు ఆగుతాం, టీ తాగేలోపు చల్లారతాయి. ఆగిన ప్రతిచోటా హబ్ మీద చెయ్యి పెట్టి చూడటం అలవాటైంది.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. ఒంటరిగా లీటరుకి 14 ఇచ్చే బండి క్యాంపర్‌తో 8 దాటదు. 40 లీటర్ల ట్యాంకుతో 300 కిలోమీటర్లకే బంకు వెతుక్కోవాలి. ఎదురుగాలిలో 80 అందుకోవడమే గగనం, కొండల మీద పల్చటి గాలికి ఇంజన్ ఇంకా నీరసపడుతుంది. క్యాంపర్ ముఖం బండి పైకప్పు కన్నా బాగా ఎత్తు కావడంతో గాలంతా దానికే కొడుతుంది. బండితో నాకు పేచీ లేదు. ఈసారి మారిస్తే క్యాంపర్‌నే మారుస్తాను. పైకప్పుని మించని ఎత్తు, అన్నీ నింపాక 600 కిలోల లోపు బరువు ఉన్నది చూస్తున్నాను.