జపమాల: అయిదు రహస్యాలా, ఒక్కటా?

చిన్నపిల్లలున్న ఇంట్లో సాయంత్రం పూర్తి కతోలిక జపమాల అంటే 5 రహస్యాలు (యేసు, మరియమ్మల జీవితంలోని ఘట్టాలు), ఒక్కోదానికి పది చొప్పున 50 మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన). మా అత్తగారి పద్ధతి అదే. గుణదల మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, చాప పరుచుకుని కూర్చుంటారు. ఆ నిదానం నాకూ ఇష్టమే. కానీ మూడో రహస్యానికల్లా మా చిన్నాడు పూసలు నోట్లో పెట్టుకుంటాడు, పెద్దది కునికిపాట్లు పడుతుంది, నాకేమో కుక్కర్ టెన్షన్.

ఒక్క రహస్యమైతే 5 నిమిషాల్లో అయిపోతుంది. పెద్దదే మొదలుపెడుతుంది, తమ్ముడు "ఆమెన్" అని అరుస్తాడు. గురువారం వెలుగు రహస్యాలు, 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చినవి. వాటిలో కానా ఊరి పెళ్లిలో యేసు చేసిన అద్భుతం వచ్చిందంటే నీళ్లు ద్రాక్షరసం ఎలా అయ్యాయని ప్రశ్నలే ప్రశ్నలు!

ప్రస్తుతానికి మాది ఒక్కటే. పూర్తి జపమాల అక్టోబరు నెలలో, అత్తగారు వచ్చినప్పుడు.