తొలి ఉరుకులో పట్టు: స్పోర్ట్స్ సెడాన్ మీద యోకోహామా అడ్వాన్ ఏ052

శక్తిమంతమైన టర్బో ఇంజను ఉండి, వెనుక చక్రాలతో నడిచే సెడాన్‌ను నిలబడిన చోటి నుంచి ఒక్కసారిగా ఉరికించబోతే, మొదటి రెండు గేర్లలో ఇంజను బలంలో పెద్ద భాగం బండిని ముందుకు తోయడానికి కాక రబ్బరును అరగదీయడానికే ఖర్చవుతుంది. టార్క్ (చక్రాలను తిప్పే బలం) తక్కువ ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే వచ్చి మీద పడుతుంది, చక్రాలు వట్టిగా తిరుగుతాయి, వాటి జారుడును ఆపే ట్రాక్షన్ కంట్రోల్ వెంటనే అడ్డుపడి ఇంజను గొంతు నొక్కుతుంది. ఇలాంటి బండికి ఇంకా కొంత శక్తి పెంచే ట్యూనింగ్ చేయించడం కన్నా ముందు టైర్లు మార్చడమే వివేకమన్నది నా అభిప్రాయం. నా సెడాన్‌కు మొదటి నుంచీ ఉన్న మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లను తీసి యోకోహామా అడ్వాన్ ఏ052 టైర్లు వేయించాక, కేవలం లాంచ్‌ను, అంటే నిలబడిన చోటి నుంచి ఉరకడాన్ని, దృష్టిలో పెట్టుకొని రాస్తున్న సమీక్ష ఇది.

టైరు పట్టు పెరిగితే ఎంత లాభమో చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. వీల్‌బేస్ (ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం) 2.85 మీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తు, సగం బరువు వెనుక ఇరుసు మీద ఉన్న సెడాన్‌ను ఊహించుకుందాం. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 1.0 అయితే ఆ బండి సాధించగల గరిష్ఠ త్వరణం దాదాపు 0.61 జీ (జీ అంటే గురుత్వ త్వరణం), గుణకం 1.2కు పెరిగితే అది 0.76 జీ అవుతుంది. అంటే పట్టు 20 శాతం పెరిగితే త్వరణం 25 శాతం పెరిగింది. బండి ఎంత గట్టిగా ముందుకు దూకితే అంత ఎక్కువ బరువు వెనక్కి వాలి, నడిపే చక్రాలనే నేలకు అదుముతుంది కాబట్టి ఈ అదనపు లాభం. ముందు చక్రాలతో నడిచే బండికి ఇదే బరువు బదిలీ శత్రువవుతుంది. ముందు ఇరుసు మీద 60 శాతం బరువున్నా అదే టైరు మార్పుతో దానికి దక్కేది సుమారు 17 శాతమే. నాలుగు చక్రాలూ నడిచే బండికి, శక్తి సరిగ్గా పంచబడితే, పెరిగిన పట్టుకు సమానంగా లాభం ఉంటుంది. పై వెనుక చక్రాల సెడాన్‌ను పట్టు ఒక్కటే ఆపుతోందనుకుంటే, గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటి టైరుతో 2.3 సెకన్లు, రెండో టైరుతో 1.9 సెకన్ల లోపు సరిపోతుంది. ఇంజను శక్తి పెంచి ఈ తేడా తెచ్చుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ వేగాల దగ్గర ఇంజనుకు ఉన్న శక్తే వాడకానికి రావడం లేదు.

టైరు ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా చూసేది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ముద్రించిన ట్రెడ్‌వేర్ అంకెను. 4ఎస్‌కు అది 300, ఏ052కు 200, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2కు 180. అంకె తగ్గిన కొద్దీ పట్టు పెరుగుతుందన్న నమ్మకం స్థూలంగా నిజమే అయినా, ఆ అంకె కొలిచేది అరుగుదలను తప్ప పట్టును కాదు, పైగా దాన్ని నిర్ణయించేది తయారీదారే. పక్కనే ఉండే ట్రాక్షన్ గ్రేడు కూడా మన పనికి రాదు. తడి ఉపరితలం మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టును బట్టి ఇచ్చే గ్రేడది, పొడి రోడ్డు మీద ఉరకడం గురించి అది ఏమీ చెప్పదు. మోటారు క్రీడల్లో చాలా తరగతుల నియమాలు 200 అంకెను కనీస హద్దుగా పెట్టడంతో, ఆ హద్దు దగ్గరే కంపెనీలన్నీ తమ అత్యంత జిగట రబ్బరును పోటీలు పడి దించాయి. అందుకే 200 అంకె ఉన్న రెండు టైర్లు ఒకదానితో ఒకటి ఏ మాత్రం పోలిక లేకుండా ప్రవర్తించవచ్చు.

లాంచ్‌కు సంబంధించినంతవరకు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: టైరు చల్లగా ఉన్నప్పుడు దాని పట్టు ఎంత? రేస్ ట్రాక్ మీద రెండు చుట్లు తిరిగాక, రబ్బరు బాగా వేడెక్కాక వచ్చే గరిష్ఠ పట్టుతో ఇక్కడ పని లేదు. గీత దగ్గర ఆగి, వరుస కోసం ఎదురుచూసి, దీపం మారగానే యాక్సిలరేటర్ తొక్కే టైరుకు వేడెక్కే వ్యవధి దొరకదు. ఏ052 అసలు బలం ఇక్కడే ఉంది. ఆగి ఉన్న బండి దగ్గర చల్లటి ట్రెడ్ (నేలను తాకే రబ్బరు) మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కితే 4ఎస్ మీద గీత కూడా పడదు. ఏ052 మీద గోటి అంచు దిగబడి, తీశాక ఆ గుర్తు కాసేపు నిలిచి నెమ్మదిగా పూడుకుంటుంది. ఒక లాంచ్ తరువాత దిగి చూస్తే వెనుక టైరు అంచున రబ్బరు సన్నటి నూలుపోగుల్లా చుట్టుకుని ఉంటుంది. ఇది ఊరికే జారి అరిగిన రబ్బరు కాదు, రోడ్డును పట్టుకుని చిరిగిన రబ్బరు. అనుభవంలో తేడా ఇంకా స్పష్టం: 4ఎస్‌తో మొదటి గేరంతా మెరుస్తూ, రెండో గేరు పడగానే మళ్లీ మెరిసే ట్రాక్షన్ దీపం, ఏ052తో మొదటి గేరు ఆరంభంలో ఒకసారి మినుకుమని ఆరిపోతుంది.

ట్రాక్ మీద వాడేవారు ఈ టైరును నిందించే కారణం ఒకటుంది: త్వరగా వేడెక్కడమే కాదు, అంతే త్వరగా అతిగా వేడెక్కి జావగారిపోతుంది, వరుసగా చుట్లు తిరిగితే పట్టు సడలుతుంది. లాంచ్ కొద్ది సెకన్ల వ్యవహారం కనుక మనకు ఆ నింద వర్తించదు. సైడ్‌వాల్ మెత్తదనం గురించి కూడా ఇదే మాట. మలుపుల్లో స్టీరింగ్ తిప్పిన వెంటనే బదులు రావడం లేదని దాన్ని తప్పుపట్టేవారున్నారు, కానీ ఉరికేటప్పుడు ఆ మెత్తటి గోడ కొద్దిగా మెలికపడి టార్క్ తొలి దెబ్బను మింగుతుంది, చక్రం ఒక్క ఉదుటున విడిపోకుండా కాపాడుతుంది. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ గోడ దీనికన్నా బిగువు, వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. ట్రాక్, లాంచ్ రెండూ కావాలనేవారు అటే మొగ్గాలి. కప్ 2 బాగా వేడెక్కాక గొప్ప టైరు, చల్లగా ఉన్నప్పుడు మాత్రం లాంచ్‌లో నన్ను ఒప్పించలేదు.

వీటన్నిటికన్నా లాంచ్‌లో పై మెట్టున ఉండేవి డ్రాగ్ రేడియల్స్, అంటే తిన్నటి దారి మీద ఉరికే డ్రాగ్ పందేల కోసం చేసిన టైర్లు. మిక్కీ థాంప్సన్ ఈటీ స్ట్రీట్ ఎస్/ఎస్, నిట్టో ఎన్‌టీ555ఆర్ ఈ వర్గంలోవే. అమెరికాలో రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నవే. జిగురు పూత వేసిన డ్రాగ్ స్ట్రిప్ మీద, ముందుగా బర్నౌట్ చేసి (బండి కదలకుండా చక్రాలను తిప్పి) వేడెక్కించిన డ్రాగ్ రేడియల్ ముందు ఏ052 నిలవదు. అయినా నిత్యం నడిపే సెడాన్‌కు నేను వాటిని సిఫారసు చేయను. వాటిని వెనుక మాత్రమే వేస్తారు, ముందు మామూలు టైర్లు ఉంటాయి. వెనుక గోడలు మెత్తగా, ముందు గోడలు బిగువుగా ఉండటంతో హైవే వేగంలో లేన్ మారినప్పుడు బండి వెనుక భాగం ఒక క్షణం ఆలస్యంగా కదిలి తోక ఊపినట్టు ఉంటుంది. పైగా చక్రం జారకపోతే ఆ దెబ్బంతా చక్రాలకు శక్తిని అందించే డిఫరెన్షియల్, యాక్సిల్ మోయాలి. జారే టైరు నిజానికి ఫ్యూజు లాంటిది. దాన్ని తీసేశాక తరువాత బలహీనమైన భాగం ఏదో తెలుసుకోవడం ఖరీదైన విద్య.

ఏ052కు నష్టాలు తక్కువేమీ కాదు. వాన పడి తడిసిన రోడ్డు మీద పట్టు ఫరవాలేదు గానీ, నీరు నిలిచిన చోట ట్రెడ్ లోతు చాలక బండి తేలిపోతుంది; టైరు సగం అరిగాక భారీ వర్షంలో దీన్ని బయటికి తీయకపోవడమే మంచిది. వేసవి రబ్బరు టైర్లన్నిటికీ లాగే 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ముదిరితే ఇది గట్టిపడి, మామూలు టైరుకూ తీసికట్టుగా తయారవుతుంది. వెచ్చగా ఉన్నప్పుడు దారిలోని చిన్న కంకరనంతా అంటించుకుని మడ్‌గార్డుల లోపలికి టపటపా విసురుతుంది, వెనుక సీటులో కూర్చున్నవారు బండికి ఏదో విరిగిందనుకుంటారు. అరుగుదల సంగతి చెప్పనక్కరలేదు: 4ఎస్ స్థాయి ఆయుష్షు ఆశించేవారు దీని జోలికే పోకూడదు.

కొనదలచినవారు నాలుగు టైర్లూ ఒకే రకానివి వేయించుకోవాలి. వెనుక పట్టు పెంచి ముందు పాతవే ఉంచితే ఉరకడంలో తేడా రాదు కానీ, బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ ముందు చక్రాలే ముందుగా చేతులెత్తేస్తాయి. నాలుగు చక్రాలూ నడిచే బండిలో ముందు వెనుకల చుట్టుకొలతల నిష్పత్తి చెడితే రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది, కనుక అక్కడ ఇది తప్పనిసరి. వెడల్పు పెంచాలన్న ఉబలాటం వద్దు. నేలను తాకే విస్తీర్ణాన్ని ప్రధానంగా నిర్ణయించేవి బండి బరువూ గాలి ఒత్తిడీ, వెడల్పు పెంచితే ముఖ్యంగా మారేది ఆ మచ్చ ఆకారం. లాంచ్‌కు అంతకన్నా పనికొచ్చేది బ్రేకులకు అడ్డురాకుండా ఒక అంగుళం చిన్న రిమ్ము వేసి, మొత్తం వ్యాసం మారకుండా ఎత్తైన సైడ్‌వాల్ తీసుకోవడం. అప్పుడు కూడా లోడ్ ఇండెక్సు (టైరు మోయగల బరువును సూచించే అంకె) కంపెనీ చెప్పిన అంకెకు తగ్గకూడదు. డబ్బు కట్టే ముందు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తయారీ ముద్ర చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ రకం రబ్బరు నిల్వలోనే గట్టిపడుతుంది, అందుకే రాయితీకి ఇస్తున్న పాత సరుకు నాకు పట్టదు.

గాలి విషయంలో ఉష్ణోగ్రత దాదాపు ఐదున్నర డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) పెరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు. మూసిన ట్రాక్ మీద లాంచ్‌ల కోసం వెనుక టైర్లలో రెండు మూడు పీఎస్‌ఐ తగ్గిస్తే కొంత మేలు కనిపిస్తుంది, అంతకు మించి తగ్గిస్తే ట్రెడ్ మధ్యభాగం లోపలికి వంగి లాభం పోతుంది. హైవే ఎక్కే ముందు తలుపు అంచున రాసి ఉన్న అంకెకు గాలి తిరిగి నింపాలి. ఉరికే ముందు ఇంజను వేగాన్ని నిలిపి ఉంచే లాంచ్ కంట్రోల్‌లో ఆర్‌పీఎం మార్చుకునే వీలుంటే, పాత టైర్లకు పెట్టుకున్న అంకెను కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఈ టైరుతో పాత అంకె దగ్గర బండి చక్రం తిప్పే బదులు ఇంజనును కిందికి లాగి నీరసంగా కదులుతుంది.