పొయ్యి వెలుగుతున్నంత కాలం: సీమ పాత హోటళ్ల వెంట ఒక ప్రయాణం

కొండారెడ్డి బురుజు, గండికోట, తాడిపత్రి గుడులు. రాయలసీమకు వచ్చేవాళ్లు ఎక్కువగా చూసేవి ఇవే. ఈసారి నేను పాత టిఫిన్ హోటళ్ల కోసం తిరిగాను. తిండి కోసమే కాదు, ఆ కట్టడాల కోసం కూడా. నాపరాతి బల్లలు, టేకు దూలాలు, వాటి మధ్య ఇటుకలు పేర్చి కట్టే మద్రాసు మిద్దె, గల్లాపెట్టె వెనక అద్దాల బీరువా ఉన్న హోటళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. కోటకు కాపలా ఉంది, గుడికి ధర్మకర్తలున్నారు. మూడు తరాల వాళ్లు పొద్దున్నే ఇడ్లీ తిన్న చోటు గురించి అడిగేవాళ్లే లేరు.

కర్నూలులో బస్టాండుకు దగ్గర్లో ఒక మామూలు లాడ్జిలో దిగాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున కాసేపే వస్తాయి, రాత్రంతా హారన్ల మోత. అయినా హైవే పక్కన ఉన్న పెద్ద హోటళ్ల కంటే ఇదే నయం. అక్కడ దిగితే పాత ఊళ్లోకి వచ్చిన ప్రతిసారీ ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి. పొద్దున్నే నడిచి వెళ్లి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలంటే పాత ఊరికి దగ్గరగా ఉండాల్సిందే.

అలా నడుస్తూనే బురుజుకు కొంచెం అవతల, ఒక సందులో ఉన్న హోటల్లోకి వెళ్లాను. నాలుగు బల్లలు, పైన దూలాల మధ్య ఇటుకలు పేర్చిన మిద్దె. ఉగ్గాని వేడివేడిగా వచ్చింది. బొరుగులు సరిగ్గా నానాయి, పప్పుల పొడి మీద చల్లారు. తినేసి గోడ తడిమి చూస్తుంటే గల్లాలో కూర్చున్న పెద్దాయన, "ఏం నాయనా, ఏమన్నా పడిపోయిందా?" అన్నాడు.

"లేదు పెద్దయ్యా, సున్నపు గోడ కదా, చూస్తాండా."

ఆయన లేచి వచ్చి మూలన ఒక మసక గీత చూపించాడు. మనిషి ఎత్తు కంటే పైనే ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగినప్పుడు నీళ్లు అక్కడిదాకా వచ్చాయట. ఆ తర్వాత వెనక గోడకు సిమెంటు పూయించారు, ముందు గోడకు డబ్బుల్లేక సున్నమే కొట్టారు. "సున్నం గోడ ఎండాకాలం వచ్చేసరికి ఆరిపాయ. సిమెంటు గోడ ఈ పొద్దుటికీ చెమ్మ ఊరుతానే ఉండాది" అన్నాడు. పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు చెప్పే మొదటి పాఠం ఇదే. సున్నం, మట్టి కలిపి కట్టిన గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దానికి సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది. ఆ పాఠం ఈయనకు వరదే నేర్పింది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచిన ఆ రోజుల్లోనే వాళ్ల నాయన ఈ హోటల్ పెట్టాడట. సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులోనే అమెరికాలో, కాలిఫోర్నియాలోని డౌనీ ఊళ్లో ఒక మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. ఆ సంస్థ హోటళ్లలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది అదే. స్టాన్లీ మెస్టన్ అనే ఆర్కిటెక్టు గీసిన పసుపుపచ్చ కమాన్లు రెండు కప్పును చీల్చుకుని పైకి లేస్తాయి. మిగతా హోటళ్లన్నీ కొత్త రూపంలోకి మారినా ఇది మారకపోవడానికి ఒక కారణం ఉంది. దాని యజమానులు ఒప్పందం చేసుకుంది తర్వాత ఆ పేరును దేశమంతా విస్తరించిన రే క్రాక్ కంపెనీతో కాదు, నేరుగా దాన్ని మొదలుపెట్టిన మెక్‌డొనాల్డ్ సోదరులతో. అందుకే కంపెనీ మార్చమన్నవన్నీ మార్చాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. తర్వాత అది కంపెనీ చేతికి వచ్చింది, 1994 భూకంపం తర్వాత మూతపడింది. కూల్చేస్తారని తెలిసి జనం గట్టిగా అడ్డుపడ్డారు. అదే ఏడాది ఆ దేశపు వారసత్వ పరిరక్షణ ట్రస్టు అత్యంత ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దాన్ని చేర్చింది. బాగుచేసి 1996లో మళ్లీ తెరిచారు. ఈ రోజుకీ అక్కడ బర్గర్లు అమ్ముతున్నారు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ చివరి సంగతే. దాన్ని తాళం వేసిన మ్యూజియం చేయలేదు, వంట ఆపలేదు.

అనంతపురం నాకు నిరాశే మిగిల్చింది. బస నుంచే మొదలైంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన కొత్త హోటల్లో ఏసీ పనిచేయలేదు, గది మార్చమంటే రిసెప్షన్ కుర్రాడు మేనేజరు వచ్చాక చూద్దామన్నాడు, ఆ మేనేజరు రానే లేదు. మళ్లీ వెళితే పాత ఊళ్లో, గడియార స్తంభం చుట్టుపక్కలే చూసుకుంటాను.

చిన్నప్పుడు మా మామ వెంట వెళ్లిన హోటల్ అక్కడే ఉంది. పేరు అదే, సాంబారు రుచి కూడా దాదాపు అదే. కట్టడం మాత్రం పోయింది. దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్, గోడలకు మెరిసే టైల్స్, నాపరాతి బల్లల చోట సన్‌మైకా. పైన గాలి ఆడక మధ్యాహ్నం లోపల ఉక్కపోత. సీలింగ్ పైన దూలాలకు చెదలు పట్టినా ఇప్పుడు ఎవరికీ తెలియదు. యజమాని తప్పని నేను అనను. పక్కన ఏసీ రెస్టారెంట్ పెట్టాక బేరాలు పడిపోయాయని, బ్యాంకు లోను తీసుకుని చేయించానని చెప్పాడు. పాతదాన్ని ఉంచుకుంటూనే ఫ్యాన్లు, వెలుతురు, బాత్రూమ్ ఎలా బాగుచేసుకోవచ్చో ఆయనకు చెప్పేవాళ్లు ఒక్కరు ఉన్నా బాగుండేది.

ఊరి బయట బైపాస్ మీద మాత్రం పాత హోటల్ వేషంలో కొత్తది ఒకటి వెలిసింది. ప్లాస్టిక్ దూలాలు, గోడ నిండా నలుపు తెలుపు ఫోటోలు. ఓళిగలు బాగున్నాయి, నెయ్యి ధారాళంగా వేశారు, పార్కింగ్ ఉంది, ధర పాత ఊరికి రెట్టింపు. పిల్లలతో వెళ్లేవాళ్లకు సుఖమే. కానీ అసలుది పోగొట్టుకుని నకలు కట్టుకుంటే అది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో రే క్రాక్ 1955లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ హోటల్‌ను 1984లో కూల్చేశారు. మరుసటి ఏడాది అదే చోట అలాంటిదే కట్టి మ్యూజియం అన్నారు. 2018లో దాన్నీ కూల్చేశారు.

అక్కడినుంచి కడపకు తాడిపత్రి మీదుగా ఆర్టీసీ బస్సులో వెళ్లాను. బస్సు పాతదే, కానీ టైముకు బయల్దేరింది. కండక్టరు నా బ్యాగు తన సీటు పక్కనే పెట్టుకోనిచ్చాడు. తాడిపత్రి దాటేదాకా రోడ్డు పక్కన కోసిన బండలు దొంతరలుగా నిలబెట్టి ఉంటాయి. మన హోటళ్ల బల్లలు, అరుగులు, వంటింటి గచ్చు అన్నీ ఈ నేల రాయే. ఒక బల్ల పగిలితే అదే రాయి ఇంత దగ్గర్లో దొరికే అదృష్టం ఎన్ని ఊళ్లకు ఉంటుంది?

కడపలో బస బాగుంది. కుటుంబం నడిపే చిన్న లాడ్జి, అడగకుండానే మంచినీళ్ల క్యాన్ పంపారు, పొద్దున అయిదుకే గేటు తీశారు. గండికోటకు వెళ్లేవాళ్లు మాత్రం కోట దగ్గరున్న టూరిజం వాళ్ల హరిత హోటల్లో ఒక రాత్రి ఉంటే పెన్నా లోయ మీద సూర్యోదయం చూడొచ్చు. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి.

నేను ఎక్కువసేపు కూర్చున్నది కడపలోని ఒక దోసెల హోటల్లో. ఎర్రకారం దోసె, పైన పప్పుల పొడి, పక్కన బొంబాయి చట్నీ. కట్టెల పొయ్యి మీద పెద్ద ఇనప పెనం. బల్ల నల్లటి నాపరాయి, అంచు మందం రెండు వేళ్లు. మనుషులు మోచేతులు ఆనించే చోట అంచు అరిగి నున్నగా పల్లం పడింది, ఆ పల్లంలో నా చెయ్యి సరిగ్గా కుదిరింది. ఒక మూల తెల్లటి మరక ఉంది. కొత్తగా వచ్చిన పనివాడు ఒకసారి యాసిడ్ పోసి కడిగాడట. ఇది సున్నపురాయి, యాసిడ్ పడితే పైపొర తినేస్తుంది. అప్పటినుంచి తడిగుడ్డ తప్ప ఏదీ ముట్టించరు.

ఆ హోటల్ నడుపుతున్నది అన్నదమ్ములు ముగ్గురు. ఇద్దరికి స్థలం అమ్మేయాలని ఉంది, ఒక బిల్డరు మంచి రేటే చెప్పాడు. చట్టం అడ్డుపడదు. మన కేంద్ర పురావస్తు చట్టం కింద రక్షణ దొరకాలంటే కట్టడం వయసు కనీసం నూరేళ్లు ఉండాలి. అమెరికాలో చారిత్రక కట్టడాల జాతీయ రిజిస్టరులో చేరడానికి మామూలుగా యాభై ఏళ్లు చాలు. డౌనీ హోటల్‌కైతే 1984లోనే, అంటే ముప్పై ఒకటో ఏటనే, అర్హత ఉందని తేల్చారు. అక్కడ తరలించడానికీ వీలుంది. టాకో బెల్ అనే హోటళ్ల సంస్థ మొదటి చిన్న కట్టడాన్ని 2015లో లారీ మీద డౌనీ నుంచి అర్వైన్‌కు తీసుకెళ్లారు. మినియాపొలిస్‌లో 1936 నాటి వైట్ క్యాజిల్ బర్గర్ల హోటల్ ఉక్కు రేకులతో కట్టింది కాబట్టి చోటు మార్చినా నిలబడింది. మన సున్నపు గోడను, మిద్దెను లేపి ఎక్కడికీ తీసుకెళ్లలేం. ఉన్నచోటే కాపాడుకోవాలి, అంటే ఆ హోటల్ అక్కడే నడవాలి. ఇలాంటి హోటళ్లకు ఆస్తి పన్ను తగ్గించడం, మరమ్మతుకు సున్నం పని తెలిసిన మేస్త్రీలను చూపించడం మునిసిపాలిటీ చేయగలిగిన పనులే. కడపలోనే 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడి విద్యార్థులు వచ్చి ఒక్కో హోటల్‌ను కొలిచి, గీసి పెడితే రేపు గోడ కూలినా ఎలా కట్టాలో తెలుస్తుంది.

ఈ మాటే చిన్నతమ్ముడితో అన్నాను. అమ్మకం ఇష్టం లేనిది ఆయనకే. "పిల్లోళ్లు కొలవడానికి వస్తే రమ్మను అన్నా, దోసె కూడా పెడతాం. కాకపోతే పదకొండు దాటినాక రావాల, అంతకుముందు లోపల నిలబడే చోటుండదు" అన్నాడు.